ఓలి బాకీ

అచ్చియమ్మ చుట్ట కాలుస్తోంది.

అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చిన వరహాలుకు ముందు పొగ వాసన తగిలింది, ఆ తరువాత అత్త కనిపించింది. అరుగు మీద గొంతుక్కూర్చుని, నిప్పున్న కొస నోట్లోకి తిప్పి పెట్టుకుని, కొండ ఆడవాళ్ళందరి లాగే అడ్డపొగ పీలుస్తోంది. కళ్ళు మూసుకుంది. కోడలు వచ్చిన అలికిడి విని కూడా తెరవలేదు.

మూడేళ్ళ కిందట కొడుకు భీమన్న షావుకారు ధనరాజు ఇంటికి గొత్తికి పోయిన రోజున, వాడు మళ్ళీ ఈ గడప తొక్కేదాకా పొగాకు ముట్టనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఆవిడ. గొత్తి అంటే ఈ కొండల్లో తెలియనిదెవరికి? అప్పు తీరేదాకా ఒళ్ళు షావుకారిది. కూడు ఆయన పెట్టిందే, నిద్ర ఆయన పశువుల సాలలోనే.

"ఏటత్తా అది?"

"కళ్ళు నేవేటి? సుట్ట."

"పొగాకెక్కడిది?"

అచ్చియమ్మ ఇంకో దమ్ము పీల్చింది.

"నిన్నే అడుగుతన్నాను. కొన్నావేటి? డబ్బులెక్కడివి నీకాడ?"

"కొననేదు. ఇచ్చినారు."

"ఎవులు?"

"పైగూడ పోతురాజు."

మోపు వరహాలు నెత్తి మీంచి జారి కింద పడింది. కట్టు తెగి ఆకులు వాకిలంతా చెదిరాయి. రేపటి సంతకు పోవలసిన ఆకులవి. వాటి వంక చూసే తీరిక ఇద్దరికీ లేకపోయింది.

వాళ్ళ ఊరు బూరుగుగూడలో పొగాకు ఎవరూ ఊరికే ఇవ్వరు. పెళ్ళి మాట కదపాలన్నా, తగువు తెంపుకోవాలన్నా వచ్చినవాడు ముందు గడపలో పొగాకు కట్ట పెడతాడు. ఇంటి పెద్ద దాన్ని ముట్టకపోతే వచ్చినవాడు నోరు విప్పకుండా వెనక్కి పోవాలి. చుట్టి ముట్టించిందా, వాడి మాటకు సగం ఒప్పుకున్నట్టే.

పోతురాజుకు పెళ్ళాం పోయి ఏడాదయింది. వలిసె చేనుంది, జత ఎడ్లున్నాయి. చెడ్డవాడని ఎవరూ అనరు. భీమన్నతో కలిసి చైత్రంలో వేటకు పోయినవాడే. అలాంటివాడు భీమన్న ఇంటి గడపలో పొగాకు ఎందుకు పెట్టాడో అర్థం చేసుకోవడానికి వరహాలుకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"నీ కొడుకు బతికుండగా నన్ను ఇంకోడికి ఇచ్చీసినావేటత్తా?"

"ఆడు బతకాలనే కదే!" అచ్చియమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "మగనాలి తప్పు కింద అరవై రూపాయిలు కడతానన్నాడు. అరవైకి అసలు తీరిపోతాది, పులి తిన్న ఎద్దు తీరిపోతాది. భీమన్న బయటికొచ్చీసినట్టే. ఎల్లుండి పెద్దలు కూకుంటారు."

పెళ్ళయిన ఆడది ఇంకొకడి ఇంటికి పోతే, తీసుకుపోయినవాడు మొదటి మగడికి కట్టే డబ్బే ఈ మగనాలి తప్పు. అది కట్టాక ఎవరికీ ఎవరి మీదా తగువుండదు, ఆడదానికి తలవంపులూ ఉండవు. వరహాలు సొంత పినతల్లి అలాగే వెళ్ళి నలుగురు పిల్లల్ని కని సుఖంగా ఉంది. కాబట్టి అత్త నోట వచ్చినది బూతు మాట కాదు. బూతయితే తిట్టి ఊరుకునేది. ఇది నలుగురూ సబబేనని తలాడించే మాట. అందుకే వరహాలు చెదిరిన ఆకుల మధ్యే చతికిలబడింది.

"నన్నడగాల కదా అత్తా," అంది చివరికి.

"అడిగితే ఏటంటావు? ఒద్దంటావు. ఆ సంగతి నాకు తెల్దేటి?"

"మరెందుకు ముట్టించినావు?"

అచ్చియమ్మ మళ్ళీ చుట్ట నోట్లో పెట్టుకుంది.

*

తప్పంతా పోయిన సంతనాటిది.

మూడేళ్ళుగా కూడబెట్టినదాంట్లో ఆఖరి మూట పట్టుకుని అత్తాకోడళ్ళిద్దరూ, సాక్షిగా ఊరి పెద్ద మల్లేశును వెంటబెట్టుకుని, అనంతగిరి దిగువన ఉన్న ధనరాజు కొట్టుకు వెళ్ళారు. ఇచ్చేసి భీమన్నను వెంట తెచ్చుకుందామనే వెళ్ళారు. అచ్చియమ్మ కొడుక్కి కొత్త గోచీగుడ్డ కూడా చంకలో పెట్టుకుంది. షావుకారు డబ్బు తీసుకున్నాడు, పెట్టెలో వేశాడు, చెయ్యి కడుక్కున్నాడు. ఇదంతా వడ్డీకే సరిపోయిందన్నాడు. పైగా మొన్న భీమన్న కాపలాలో ఉండగా పులి ఎత్తుకుపోయిన ఎద్దు ధర అప్పు మీద కలిపానన్నాడు. పులి చేసిన అప్పు కూడా భీమన్నే తీర్చాలట! గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

ఇంతకీ మొదటి అప్పు దేనికి? వరహాలు కోసమే. ఆమె తండ్రికి ఓలి కట్టడానికి భీమన్న తెచ్చిన నలభై రూపాయలు. ఓలి కట్టి తెచ్చుకున్న పెళ్ళాంతో రెండు పంటలైనా కలిసి కోయకుండానే వాడు గొత్తికి పోవలసి వచ్చింది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా వరహాలుకు తిన్నది ఒంటబట్టేది కాదు. అసలు తిన్నది మాత్రం ఎంత గనక!

రాగిచోళ్ళు పండితే అమ్మారు. చింతపండు అమ్మి, గింజలు వేయించుకుని తిన్నారు. మామిడి టెంకలు వాగులో నానేసి, చేదు పోయాక జావ కాచుకున్నారు. తలకు ఆముదం మానేశారు. దీపం మానేసి పొయ్యి వెలుగులోనే పనులు చేసుకున్నారు. అన్నిటికంటె కష్టం ఉప్పు. సంతలో ఉప్పుకు పోసే డబ్బే ఎక్కువని మొదటి ఏడు సగం చేసి, రెండో ఏడు పండగలకు మాత్రం ఉంచి, ఆ పైన పండగలకీ మానేశారు. ఉప్పు లేని అంబలి మొదట్లో నోటికి సయించదు. తరువాత్తరువాత ఆకలే సయించేలా చేస్తుంది.

అప్పుడు అచ్చియమ్మే ఒక ఆట కనిపెట్టింది. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని అంబలి పోసిన ఆనపబుర్ర చేతికి తీసుకోగానే అడిగేది: "ఒలే గుంటా, ఈయాల ఏటి కూర?"

"కోడిమాంసం అత్తా. కారం ఎక్కువైపోనాది."

"నీ సెయ్యెప్పుడూ అంతే. ఉప్పు సూసినావా?"

"సూసినాను. సరిపోనాది."

ఇద్దరూ పడి పడి నవ్వుకునేవారు. ఒకనాడు అడవిపంది, ఒకనాడు ఏటి చేపలు, ఒకనాడు పనసకాయ. ఆ ఉత్తి కబుర్లే నంచుకుని మూడేళ్ళు ఈదారు. ఎప్పుడైనా వరహాలు విసిగిపోయి "ఇంకెన్నాళ్ళత్తా" అంటే, అచ్చియమ్మ చేటలో ఉన్న చోళ్ళు ఇంత తీసి అమ్మకానికి ఉంచిన గాదెలో పోసి "ఇదిగో, నా కొడుకు ఒక అడుగు దగ్గరికొచ్చినాడు" అనేది. వరహాలు కూడా తన వాటాలోంచి ఇంత తీసి పోసేది. ఒకరికి నీరసం వస్తే ఇంకొకరు పట్టుకునేవారు. ఇద్దరికీ ఒక్కసారి నీరసం వస్తే ఏమవుతుందో వాళ్ళు ఆలోచించుకోలేదు.

అదే వచ్చింది. ఆ కష్టమంతా ఏట్లో పిసికిన చింతపండైంది. సంత నుంచి వచ్చిన రోజు మొదలు అచ్చియమ్మ కూర సంగతి అడగలేదు.

ఈ సాయంత్రమూ అడగలేదు. చుట్ట వాసన ఇంట్లో నిండిపోయింది. వరహాలు చెదిరిన ఆకులన్నీ ఏరి కట్టలు కట్టింది. అంబలి ఒక బుర్రలో పోసి అత్త ముందు పెట్టింది. అత్త తాగింది. తాను తాగలేదు.

"రేపు సంతకు నానొక్కదాన్నే ఎల్తాను," అంది. "ఆడినే అడుగుతాను. ఆడొద్దంటే పోతురాజు పొగాకు పోతురాజుకి తిరిగిచ్చీసీ."

అచ్చియమ్మ పొయ్యి వంక చూస్తూ "ఎల్లు" అంది.

*

భీమన్న షావుకారు దొడ్లో వెదుళ్ళు చీలుస్తున్నాడు. పశువుల సాలకు దడి కడుతున్నాడట. పులి వచ్చాక వచ్చిన బుద్ధి షావుకారుకు.

వాణ్ణి చూడగానే వరహాలుకు సంతోషం వేసింది, వెంటనే ఆశ్చర్యం కూడా వేసింది. వాడు ఒళ్ళు చేశాడు. బుగ్గలు నిండాయి. తాను వాడి కోసం చిక్కి పుల్లయిపోతే, గొత్తిలో ఉన్నవాడు నిగనిగలాడుతున్నాడు. అరక దున్నే ఎద్దుకు మేత తగ్గించే వెర్రివాడు కాదుగదా ధనరాజు!

"వరాలూ! ఒక్కదానివే వచ్చినావేటి? అమ్మకి బాగుందా?"

"బాగుంది."

"కూకో. సన్నబడిపోనావు. ఇదిగో, నా అంబలుంది. తాగు."

ఆనపబుర్ర చేతికిచ్చాడు. నడిచి వచ్చిన ఆకలి మీద ఉంది, ఎత్తి ఒక గుక్క తాగింది. ఉప్పు! నాలిక ఒక్కసారి ఒణికింది. దవడలు లాగేశాయి. కళ్ళల్లోంచి నీళ్ళు జారిపడ్డాయి.

"ఏటైనాది?"

"ఏటీ నేదు. వేడిగుంది."

అంబలి చల్లగా ఉంది. భీమన్న ఆ సంగతి పట్టించుకోలేదు. కత్తి తీసుకుని మళ్ళీ వెదురు మీదికి వంగాడు.

"మావా, పైగూడ పోతురాజు మనింట్లో పొగాకెట్టినాడు. మీ అమ్మ ముట్టించినాది. రేపు పెద్దలు కూకుంటారు. నువ్వు షావుకారినడిగి ఒక్క పూట రా. వచ్చి వద్దని సెప్పు. నువ్వు వద్దంటే అక్కడితో ఐపోద్ది."

వెదురు నిలువునా చీలింది. ఇంకొకటి తీసుకున్నాడు.

"ఇనిపించినాదా?"

"ఇనిపించినాది."

"మరి?"

"పోతురాజుని నానే పంపినాను."

వరహాలు బుర్ర కింద పెట్టింది. తాను సరిగా వినలేదేమో అనుకుని వాడి మొహం వంక చూసింది. వాడు తల ఎత్తలేదు. సరిగానే విన్నది.

"ఎద్దు పోయిన్నాడే నాకు తెలిసిపోనాది వరాలూ. ఇది తీరదు. ఈ ఏడు ఎద్దు. ఒచ్చే ఏడు ఆవు. మీరు తెస్తానే ఉంటారు, ఆయన పెట్టిలో ఏసుకుంటానే ఉంటాడు."

"తీరస్తాం మావా. నానూ అత్తా ఎలగోలాగ..."

"మీకు ఓపికుంది. నాకు నేదు."

"నీకు నేదా?" వరహాలు గొంతు లేచింది. "కడుపునిండా తింతన్నావు. ఉప్పేసుకుని తింతన్నావు. టెంకల జావ తాగి నానోపిక పట్టినాను, ముసల్ది ఓపిక పట్టినాది. నీకేటైనాది?"

"మీరిద్దరున్నారు." భీమన్న కత్తి పక్కన పెట్టేశాడు. "పొద్దుగూకితే పొయ్యి కాడ కూకుని ఏదో ఒకటి సెప్పుకుంటారు. నాకీడ ఎవులున్నారు? పశువులు. 'ఒరే' అంటే నెగాల. 'ఒరే' అంటే కూకోవాల. భీమన్నా అని పిలిసినోడు నేడు." చేతికి అంటిన వెదురు పీచు దులుపుకున్నాడు. "నీతో ఒకటి సెప్దామనుకున్నాను. పోతురాజింట్లో నువ్వు సుకంగా ఉంటావు, అందుకే పంపినానని సెప్దామనుకున్నాను. అది అబద్దం. నాకు బయటికి రావాలుంది. నా కొండ మీద నాకిట్టమొచ్చినప్పుడు పడుకోవాలుంది. అంతే."

"నన్నిచ్చీసి?"

వాడు చీల్చిన వెదురుబద్దలు ఒక పక్కకు నెట్టాడు.

"నిన్నిచ్చీసి," అన్నాడు.

లోపలి నుంచి షావుకారు కేక వినిపించింది. "ఒరే!"

భీమన్న చటుక్కున లేచి నిలబడ్డాడు. పెళ్ళాం ఎదురుగా ఏడుస్తోందని కూడా చూసుకోకుండా, పంచె సర్దుకుంటూ పరుగెత్తాడు. వాడికే తెలియకుండా లేచాడు. అది చూశాక వరహాలుకు వాడి మీద కోపం కూడా మిగల్లేదు. గుండె పగిలిపోయింది, అంతే. పగిలిన గుండెతో ఘాటీ ఎక్కింది.

*

మర్నాడు ఎండ పడ్డాక ఊరి మధ్య పెద్దల రాళ్ళ దగ్గర జనం కూడారు. అరవై రూపాయలు వస్తాయంటే ధనరాజు అడ్డుపెడతాడా, భీమన్నను ఒక పూట వదిలాడు. భీమన్న ఒక పక్క, ముడుపు కట్టిన గుడ్డతో పోతురాజు ఒక పక్క కూర్చున్నారు. అచ్చియమ్మ దూరంగా, మొహం కొంగులో దాచుకుని కూర్చుంది.

మల్లేశు ముసలివాడు. ఇలాంటివి ఎన్నో తెంపినవాడు. ఎండుపుల్ల ఒకటి తీసుకుని ఒక కొస భీమన్న చేతికిచ్చాడు. రెండో కొస పెళ్ళాం పట్టుకోవాలి. ఇద్దరూ కలిసి విరిచేస్తే తెగిపోయినట్టు. ఆపైన తప్పు డబ్బు చేతులు మారుతుంది.

"వరాలూ," అన్నాడు మల్లేశు. "నీకిట్టమేనా?"

వరహాలు రాత్రంతా ఈ మాటకే జవాబు వెతుక్కుంది. ఇష్టమే అందామని అనుకుంది. వాడు బయటికి రావాలనే గదా తాను ఇన్నాళ్ళు కడుపు మాడ్చుకున్నది, ఏ దారిన వస్తేనేం అనుకుంది. పుల్ల దాకా వచ్చింది, చెయ్యి కూడా చాపింది. భీమన్న ఆ కొస పట్టుకుని, బేగి కానియ్యి అన్నట్టు ఆమె చేతి వంక చూస్తున్నాడు. ఆ చూపు చూశాక ఆమె చెయ్యి వెనక్కి పోయింది.

"తాతా, ఒక మాట అడుగుతాను. మగనాలి తప్పు ఎందుకు కడతారు?"

"ఎందుకేటి? మొదటోడు ఓలి పోసి తెచ్చుకున్నాడు గనక. ఆడి డబ్బు ఆడికి రావాల."

"నా ఓలి నలభై. ఆ నలభై ఈడు అప్పు తెచ్చినాడు. తెచ్చినోడు ఈడే, తీర్సినోళ్ళం మేం. మూడేళ్ళు షావుకారు పెట్టిలో పోసినాం. ఆఖరి మూట పోసిన్నాడు నువ్వూ ఉన్నావు. మొత్తం నలభై దాటిందా, నేదా?"

మల్లేశు ఆలోచించాడు. "దాటే ఉంటాది. ఎక్కువే దాటింది."

"వడ్డీ షావుకారు పుట్టించింది. ఎద్దుని పులి తినీసినాది. ఆ రెండూ నా ఓలి కాదు. నా ఓలి నా కడుపు మాడ్సి నానే తీర్సుకున్నాను. నన్ను నానే తెచ్చుకున్నాను తాతా. మరి నా మీద తప్పు డబ్బు ఈడికెందుకు రావాల?"

ఇలాంటి లెక్క ఆ రాళ్ళ దగ్గర అంతకు ముందు ఎవరూ వెయ్యలేదు.

ముందు పోతురాజు లేచాడు. "ఇట్టం నేని మనిషిని నాను తీసుకెళ్ళను," అని గుడ్డ ముడి మళ్ళీ బిగించుకున్నాడు.

"గుంట అన్నది నిజిమే," అన్నాడు మల్లేశు మెల్లగా. "ఓలి తీరిపోయినాక దీని మీద ఎవులికీ పైస రాదు."

గెలిచింది వరహాలు. గెలిచాక గాని ఆమెకు తాను చేసిన పని తెలియలేదు. అరవై రూపాయలు పైగూడ దారి పట్టాయి. వాటితో భీమన్న విడుదలా పోయింది. వాడు ఇప్పుడైనా తల ఎత్తి, మళ్ళీ మొదలెడదాం వరాలూ అంటాడేమోనని చూసింది. ఆ ఒక్క మాట అంటే ఆమె ఇంకో మూడేళ్ళు టెంకల జావ తాగేది. నవ్వుతూ తాగేది.

భీమన్న చేతిలో పుల్ల ఉంది. దాన్ని ఒక్కడే రెండు చేతులా పట్టుకుని విరిచేశాడు. డబ్బు లేకుండా, ఎవరూ అడగకుండా. రెండు ముక్కలూ మల్లేశు ముందు పెట్టి లేచి, షావుకారు ఇంటి దారి పట్టాడు. అది కోపమో, ఎవరికీ బాకీ లేకుండా ఆమెను వదిలిపెట్టడమో వరహాలుకు అర్థం కాలేదు. వాడు మలుపు తిరిగేదాకా చూసింది. వెనక్కి తిరగలేదు.

జనం ఒక్కొక్కరే లేచి పోయారు. అచ్చియమ్మ మాత్రం అక్కడే ఉంది. చాలాసేపటికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి, కోడలి దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుంది వరహాలు. కొడుతుందనుకుంది. ఒళ్ళు బిగపట్టుకుంది.

"ఆడి పెళ్ళానివి గనక నా ఇంట్లో ఉన్నావు," అంది అచ్చియమ్మ. "పుల్ల ఇరిగిపోనాది. ఇప్పుడు నువ్వు నాకేటవుతావే, గుంటా?"

కోపంతో అడగలేదు. నిజంగా తెలియక అడిగింది.

వరహాలు "అత్తా" అనబోయి, ఆగిపోయింది.